డౌగవాలో కడిగేశారు, గుండ్లకమ్మలో మునిగారు

ఖరగ్‌పూర్ స్టేషన్ బయట టోటో (బ్యాటరీ రిక్షా) ఎక్కి ‘పూరీ గేట్’ అంటే డ్రైవరు ఇంకో మాట అడగడు. ఐఐటీకి పోయే దారిలో పట్టాలు దాటే చోటు అది. పైన వంతెన వచ్చాక కూడా జనం నోట్లో గేటు గేటుగానే ఉండిపోయింది. కింద పట్టాలు బాలాసోర్, కటక్ మీదుగా ఖుర్దా రోడ్డుకు పోతాయి. అక్కడ ఒక పాయ పూరీకి చీలుతుంది. రెండోది బరంపురం, ఇచ్ఛాపురం, పలాస దాటి మన ఇళ్ల వైపు వస్తుంది. ఈ పట్టాల మీద వచ్చి, ఈ పట్టాలకే చాకిరీ చేసి, ఇక్కడే పింఛను పుచ్చుకున్నవాళ్ల మనవలు, మునిమనవలు ఇవాళ ఈ ఊళ్లో బెంగాలీ, హిందీ కలిపిన తెలుగు మాట్లాడుకుంటున్నారు. ఆ కలగాపులగంలో శ్రీకాకుళం ఎక్కడ అయిపోయిందో, మేదినీపూర్ ఎక్కడ మొదలైందో పట్టుకోవడం కష్టం.

ఇక్కడి తెలుగువాళ్లనగానే ముందు గుర్తొచ్చేది మాతా పూజ. అమ్మవారు కదిలితే వీధులన్నీ కదులుతాయి. ఆదివారం పొద్దున కదిలే జనం వేరు. వాళ్లకు డప్పుండదు. జిప్పు కవరులో బైబిలు, దాని మీద పాటల పుస్తకం, ఉతికి ఇస్త్రీ చేసిన బట్టలు, చెయ్యి పట్టుకుని లాక్కుపోతున్న పిల్లలు. బెంగాలు నేల మీద తెలుగులో ప్రార్థన చేసుకోవడానికి పోతున్నవాళ్లు. ఈ వ్యాసం ఆ నడక గురించి. కానీ దానికి ముందు చాలా దూరం వెళ్లి రావాలి. ఎందుకంటే దారిలో ఒక మాట అడ్డొస్తుంది.

ఆ మాట క్రూసేడ్. మన జిల్లాల్లో గోడల మీద ఈ మాట పెద్ద అక్షరాల్లో చూడనివాళ్లు ఉండరు. మూడు రోజుల సువార్త సభలు, మైదానంలో షామియానా, చెవులు చిల్లులు పడే మైకు, చివర్లో స్వస్థత ప్రార్థన. బిల్లీ గ్రాహం లాంటి అమెరికా ప్రసంగీకులు తమ సభలకు ఆ పేరు పెట్టుకుంటే, అది నడుచుకుంటూ మన మునిసిపల్ హైస్కూలు మైదానాలదాకా వచ్చింది. పోస్టరు అచ్చేయించినవారికి ఆ మాట వెనకాల ఉన్న కథ తెలిస్తే ఇంకో పేరు వెతుక్కునేవారని నా అనుమానం.

క్రూసేడ్ అంటే సిలువ గుర్తును బట్టల మీద కుట్టించుకుని చేసే యుద్ధం. జెరూసలేం కోసం జరిగిన యుద్ధాల సంగతి మనం హైస్కూల్లోనే చదువుకున్నాం. వాటికో తమ్ముడు వరస యుద్ధం ఉంది. అది మన పాఠాల్లోకి రాలేదు. 1147లో రెండో క్రూసేడు సేనలు తూర్పుకు కదిలిన ఏడాదే, ఎల్బే నది అవతలి స్లావు తెగల మీదికి జర్మన్ ప్రభువులు, డేన్లు దండెత్తారు. ఆ తెగలు ముస్లింలు కారు. చెట్లకూ రాళ్లకూ తమ దేవతలకూ మొక్కుకునేవాళ్లు. జెరూసలేం వెళ్తే దక్కే పాపవిమోచనమే వీళ్ల మీదికి వెళ్లినా దక్కుతుందని పోప్ మూడో యూజీనియస్ అనుమతి ఇచ్చాడు. ఆ తర్వాత రెండు వందల యాభై ఏళ్లకు పైగా బాల్టిక్ సముద్రపు తూర్పు ఒడ్డున ఇదే నడిచింది. కత్తి ఒక చేత్తో, బాప్తిస్మపు నీళ్లు ఇంకో చేత్తో.

ఇందులో మనకు పనికొచ్చే కథ ఒకటుంది. ఇవాళ్టి లాత్వియా దేశంలో డౌగవా అనే పెద్ద నది ఉంది. 1180లలో జర్మన్ వర్తకుల ఓడలో మైన్‌హార్డ్ అనే తల నెరిసిన పాదిరి అక్కడికి వచ్చాడు. ఆయనతో సైన్యం లేదు. నది ఒడ్డున లీవులనే జనం ఉండేవారు. చేపలు పట్టడం, తేనె తీయడం, కాస్త సేద్యం. పొరుగునున్న లిథువేనియన్లు ఏటా వచ్చి దోచుకుపోయేవారు. ఒక చలికాలం అలాంటి దాడే జరిగింది. మైన్‌హార్డ్ కూడా లీవులతో పాటు అడవిలో దాక్కోవాల్సి వచ్చింది. బయటికొచ్చాక ఆయన బేరం పెట్టాడు: మీకు రాతి కోట కట్టిస్తాను, మీరు బాప్తిస్మం తీసుకోండి. వాళ్లు సరేనన్నారు. ప్రమాణం చేశారు. మరుసటి వేసవిలో గోట్‌లాండ్ దీవి నుంచి తాపీ పనివాళ్లు దిగారు. ఊక్స్‌క్యూల్ అనే చోట కోట లేచింది.

సున్నం గచ్చు అంటే ఏమిటో ఆ ప్రాంతంలో అంతవరకూ ఎవరికీ తెలియదు. పక్క తెగవాళ్లు సెమ్‌గాలియన్లు ఆ కోట సంగతి విని, ఓడలకు కట్టే లావుపాటి మోకులు పట్టుకొచ్చి గోడలకు తగిలించి నదిలోకి లాగేయాలని చూశారట. రాళ్లు ఊరికే పేర్చారనుకున్నారు పాపం. అవతల కోట పైనుంచి బాణాలు పడ్డాయి.

కోట పూర్తయింది. బాప్తిస్మం తీసుకున్న లీవులు మాత్రం వెనక్కి పోయారు. అది చూసి కూడా బుద్ధి రాలేదో, ఆశ చావలేదో, మైన్‌హార్డ్ నదిలోని హోల్మ్ దీవివాళ్లతోనూ అదే బేరం పెట్టి ఇంకో కోట కట్టించాడు. అక్కడా అదే జరిగింది. ఈసారి ఇంకాస్త సుబ్బరంగా. హోల్మ్ లీవులు డౌగవాలో దిగి ఒళ్లు రుద్దుకుని స్నానం చేశారు. నీళ్లతో వచ్చిన బాప్తిస్మాన్ని నీళ్లతోనే కడిగి, నది వెంట జర్మనీకి తిరిగి పంపేశారు. ఈ లెక్క వాళ్లకు చాలా సహజం. మైల నీటితో పోతుందని నమ్మే మనకు అది అంత వింతగా అనిపించదు. ఈ సంగతులు తర్వాత రాసిపెట్టిన జర్మన్ల పక్షపు పాదిరికి మాత్రం ఒళ్లు మండింది.

మైన్‌హార్డ్ 1196లో పోయాడు. తర్వాత వచ్చిన బెర్తోల్డ్ మొదట ఒంటరిగానే వచ్చి, విందు పెట్టి, కానుకలిచ్చి చూశాడు. లాభం లేక వెళ్లి సైన్యంతో తిరిగొచ్చాడు. 1198 జూలై 24న యుద్ధంలో ఆయన గుర్రం అదుపు తప్పి లీవుల మధ్యలోకి దూసుకుపోయింది. ఇమౌత్ అనే లీవు ఈటెతో పొడిచి చంపాడు. అయినా జర్మన్ సేన పొలాలు తగలబెట్టి గెలిచింది. లీవులు లొంగి మళ్లీ మునిగారు. ఓడలు తెరచాప ఎత్తాయో లేదో మళ్లీ నదిలో దిగి కడిగేసుకున్నారు. ఒక చెట్టు కొమ్మ మీద ఎవరో సైనికుడు తల బొమ్మ చెక్కి పోతే, అది జర్మన్ల దేవుడనుకుని తెప్ప కట్టి, వెళ్లిపోతున్నవాళ్ల వెనకాలే సముద్రం వైపు సాగనంపారు.

నవ్వొచ్చే కథే. దాని తర్వాతి అధ్యాయం నవ్వొచ్చేది కాదు. మూడో బిషప్ ఆల్బర్ట్ పాఠం నేర్చుకున్నాడు. ఏటేటా వచ్చిపోయే సైన్యంతో పని జరగదని 1201లో రీగా పట్టణం కట్టాడు. 1202లో ‘కత్తి సోదరులు’ అనే సన్యాసి సైనికుల దళం పుట్టింది. వాళ్లు ఇంటికి పోయేవాళ్లు కారు. పదేళ్లు గడవకముందే లీవుల పని అయిపోయింది. 1230 నుంచి పక్కనే ప్రష్యాలో ట్యుటానిక్ నైట్లు ఇదే పని ఇంకా పెద్ద ఎత్తున చేశారు. ప్రష్యన్లు 1260లో తిరగబడితే అణచడానికి పద్నాలుగేళ్లు పట్టింది.

ఈ పద్ధతికి అప్పుడే ఎదురు చెప్పినవాళ్లు లేకపోలేదు. అంతకు చాలా ముందే చార్లెమేన్ చక్రవర్తి సాక్సన్లను కత్తితో క్రైస్తవులను చేశాడు. 782లో వెర్డెన్ దగ్గర ఒక్కరోజే 4,500 మంది తలలు తీయించాడని ఆయన ఆస్థాన చరిత్రే రాసుకుంది. ఆయన కొలువులోని పండితుడు ఆల్క్విన్ మెత్తగా చురక పెట్టాడు. కొత్తగా నమ్మినవాళ్ల మీద పదోవంతు పన్ను వేస్తే నమ్మకం ఎలా నిలుస్తుందని ఆయన బాధ. 1410లలో కాన్‌స్టన్స్ మహాసభలో పోలండ్ పండితుడు పావెల్ వ్లోద్కోవిచ్ ఇంకా సూటిగా నిలదీశాడు. అన్యులకూ తమ నేల మీద హక్కుంటుందని, వాళ్లను కత్తితో మార్చకూడదని ఆయన వాదన. ఆ మాట ఐరోపా సగం విని సగం వదిలేసింది.

కత్తి లేని చోట కానుకలుండేవి. లిథువేనియా పాలకుడు యోగైలా పోలండ్ రాణిని పెళ్లాడాక, 1387లో తన జనాన్ని నదుల దగ్గరకు తోలించాడు. గుంపుకో పేరు. ఈ గుంపు అంతా పీటర్లు, ఆ గుంపు అంతా పాల్‌లు. మునిగినవాళ్లకు తలా ఒక ఉన్ని చొక్కా. పోలండ్ పాత చరిత్రకారుడు ద్లూగోష్ రాసిన ముచ్చట ఇది. మనవైపు ‘అన్నం క్రైస్తవులు’ అనే ఎత్తిపొడుపు ఉంది. దానికి చాలా ముందే చొక్కా క్రైస్తవులు ఉన్నారన్నమాట.

క్రూసేడు మన దేశానికి రాలేదా అంటే, గోవా దాకా వచ్చిందనే చెప్పాలి. పోర్చుగీసు ఓడల తెరచాపల మీది ఎర్ర సిలువ, రద్దయిన టెంప్లర్లనే క్రూసేడు దళానికి పోర్చుగల్‌లో వారసుడైన ‘క్రీస్తు దళా’నిది. 1540లో గోవాలో గుళ్లు కూల్చారు. 1560లో ఇన్‌క్విజిషన్ కచేరీ పెట్టారు. తెలుగు నేల మాత్రం ఆ దారిలో పడలేదు. మనకు తెల్లవాళ్లు వచ్చింది వ్యాపారం పేరుతో. వ్యాపారికి మతం కంటే లెక్క ముఖ్యం. 1813 దాకా ఈస్టిండియా కంపెనీ తన రాజ్యంలో మిషనరీలను తేలిగ్గా అడుగు పెట్టనిచ్చేది కాదు. విలియం కేరీ కలకత్తాలో కాకుండా డేన్ల చేతిలో ఉన్న శ్రీరాంపూర్‌లో అచ్చుయంత్రం పెట్టుకున్నది అందుకే.

ఇక్కడ పూరీ గేటు పేరు ఇంకో గేటును గుర్తు చేస్తోంది. కలకత్తా నుంచి మేదినీపూర్ మీదుగా పూరీకి పాత జగన్నాథ బాట ఉండేది. ఖరగ్‌పూర్‌కు కూతవేటు దూరంలోనే. యాత్రికులు వారాల తరబడి నడిచి పూరీ పొలిమేరలో అఠారానాలా వంతెన చేరితే అక్కడ నిజమైన గేటు ఉండేది. కంపెనీవాళ్లు మనిషికింతని యాత్రికుల పన్ను వసూలు చేసి గాని లోపలికి వదిలేవారు కారు. క్రైస్తవ ప్రభుత్వం జగన్నాథుడి గుమాస్తాగా పని చేస్తోందని మిషనరీలు లండన్‌లో గోలపెట్టారు. ఆ పన్ను 1840లో గాని పోలేదు. మధ్యయుగపు రాజు గుడి కూల్చి సిలువ నాటేవాడు. పంతొమ్మిదో శతాబ్దపు కంపెనీ గుడి దగ్గర టికెట్లు చింపేది. ఈ తేడా పట్టుకోకపోతే మన మిషనరీల కథ అర్థం కాదు. వాళ్ల జాత్యహంకారం, మన దేవుళ్ల మీద వాళ్లు రాసిన దారుణమైన రాతలు అన్నీ నిజమే. జగన్నాథుడి పేరునే ఇంగ్లీషులో ‘అడ్డొచ్చినదాన్ని నలిపేసే బండి’ అనే అర్థానికి దిగజార్చారు. కానీ వాళ్ల వెనకాల కత్తి సోదరులు లేరు.

పూరీలో, కటక్‌లో పనిచేసిన అలాంటి మిషనరీ ఒకడు ఏమాస్ సటన్. ఇంగ్లండు జనరల్ బాప్టిస్టు. ఆయన భార్య అంతకుముందు ఒక అమెరికన్ మిషనరీకి భార్య, విధవరాలు. ఆ చుట్టరికంతో సటన్ అమెరికా బాప్టిస్టులకు ఉత్తరాలు రాశాడు, తర్వాత స్వయంగా వెళ్లి ఊరూరా తిరిగాడు. ఆయన అడిగినవి రెండు. ఒరిస్సాకు మనుషులు కావాలి. దాని దక్షిణాన కోట్లాది తెలుగువాళ్లున్నారు, అక్కడికీ మనుషులు కావాలి. 1835 సెప్టెంబరులో బోస్టన్ రేవు నుంచి ‘లూవర్’ అనే ఓడ బయలుదేరింది. అందులో సటన్ దంపతులతో పాటు ఫ్రీవిల్ బాప్టిస్టులు ఈలై నోయిస్, జెరెమయా ఫిలిప్స్ ఉన్నారు. వేరే సంఘానికి చెందిన శామ్యూల్ డే ఉన్నాడు. 1836 ఫిబ్రవరిలో ఓడ కలకత్తా చేరింది. నోయిస్, ఫిలిప్స్ ఒరిస్సా వైపు వెళ్లారు. వాళ్ల పని తర్వాత బాలాసోర్, జలేశ్వర్, మేదినీపూర్లకు పాకింది. ఫిలిప్స్ సంతాలీ భాషకు 1852లో వ్యాకరణం లాంటి పుస్తకం వేశాడు. డే విశాఖపట్నంలో దిగి, శ్రీకాకుళంలో కొన్నాళ్లుండి, చివరికి 1840లో నెల్లూరు చేరాడు.

ఒకే ఓడ, రెండు దార్లు. ఒకటి ఖరగ్‌పూర్ పక్కనున్న మేదినీపూర్ దారి. రెండోది నెల్లూరు దారి. ఆ రెండూ మళ్లీ ఎక్కడ కలిశాయో తర్వాత చెప్తాను.

నెల్లూరులో పాతికేళ్లు ఏమీ జరగలేదు. ఇంత ఖర్చు, ఇంతమంది చావులు, చేతివేళ్ల మీద లెక్కపెట్టేంత మంది నమ్మినవాళ్లు. మూసేద్దామా అని అమెరికాలో మళ్లీ మళ్లీ చర్చకు పెట్టారు. పటం మీద ఒంటరిగా ఉన్న గుర్తును చూసి ‘ఒంటరి నక్షత్రం’ అన్నారు. ఆ పేరే మిషన్‌కు నిలిచిపోయింది. 1866లో ఆ మిషన్‌కు చెందిన అమెరికన్ దొర జాన్ క్లౌ ఒంగోలులో మకాం పెట్టాడు. 1867 జనవరి 1న అక్కడి సంఘం ఎనిమిది మందితో మొదలైంది.

ఇక్కడ క్లౌ దొర కంటే ముఖ్యమైన మనిషి ఎర్రగుంట్ల పేరయ్య. మాదిగ కులస్థుడు. తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగేవాడు. అంతకుముందే బండికట్ల వీరమ్మ అనే గురువు దగ్గర రాజయోగం నేర్చుకున్నాడు. అన్యుడు, అజ్ఞాని అని దొరలు రాసుకున్న మనుషుల్లో ఒకడు యోగసాధకుడన్నమాట. వ్యాపారం మీద ఉత్తరానికి వెళ్లినప్పుడు క్రైస్తవ బోధ విని, ఆ బోధ చెప్పేవాళ్లు మన వైపెక్కడున్నారని తనే వెతుక్కుంటూ పోయాడు. దొర పేరయ్యను వెతకలేదు. ఆయనే దొరను పట్టుకున్నాడు. ఆ తర్వాత పల్లెపల్లెకూ ఆ మాట పోయింది దొర గుర్రం మీద కాదు, చెప్పుల తోలు అమ్మే దారుల వెంట, వియ్యపు పిలుపుల వెంట. వినేవాళ్ల వెనకాల ఇంకో లెక్క కూడా ఉంది. ఊరి బావి దగ్గర నీళ్లు ముట్టనివ్వని ఊళ్లో, మనిషిగా కూర్చోబెట్టి పేరు పెట్టి పిలిచే చోటు ఒకటి దొరికింది. లీవులకు జర్మన్లు కోట ఇస్తామన్నారు. పేరయ్య బంధువులకు కావలసింది కోట కాదు.

తర్వాత ధాత కరువు వచ్చింది. 1876 నుంచి 1878 దాకా వానలు ముఖం చాటేశాయి. జనం పిట్టల్లా రాలారు. సర్కారు కరువు పనుల కింద బకింగ్‌హాం కాలువ తవ్విస్తోంది. క్లౌ మిషనరీ కాకముందు అమెరికాలో భూముల సర్వే చేసినవాడు. కొలతలు తెలుసు. మూడున్నర మైళ్ల కాలువ కాంట్రాక్టు తీసుకుని, తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. మాదిగవాళ్లకు పని ఇవ్వని, ఇచ్చినా కొట్టి తిట్టే వేరే మేస్త్రీల దగ్గర్నుంచి జనం ఇక్కడికొచ్చారు. పగలు పలుగూ పారా, పొద్దుగూకాక చెట్టు కింద బోధ.

మైన్‌హార్డ్ కట్టించిన కోటకూ క్లౌ తవ్వించిన కాలువకూ తేడా ఇక్కడే. మైన్‌హార్డ్ బేరం ఏమిటంటే కోట ఇస్తాను, మునగండి. క్లౌ కూలి ఇచ్చాడు గాని మునుగుతామన్నవాళ్లను ముంచలేదు. కరువు సాయం జరిగినన్నాళ్లు, సుమారు పదిహేను నెలలు, బాప్తిస్మాలు ఆపేశాడు. జనం అడిగినా ఆగమన్నాడు. 1878 నడిమికి సాయం డబ్బులు అయిపోయాయి, ఇక ఇచ్చేదేమీ లేదు, ఎవరూ రావద్దని కబురు పెట్టాడు. అప్పుడు వచ్చారు వాళ్లు.

ఒంగోలు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ రేవు. జూలై 2న 614 మంది. మూడో తేదీన 2,222 మంది. నాలుగో తేదీన 700 మంది. మూడు రోజులకు 3,536. నీళ్లలో నిలబడి ముంచింది క్లౌ కాదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఒక్కో విడతకు ఇద్దరిద్దరు చొప్పున. పొద్దున ఆరు నుంచి పదకొండు, మళ్లీ రెండు నుంచి ఆరు. ఊరి వారీగా జాబితాలు, జాబితాలో పేర్లు. ఎవరి పేరు వాళ్లకే. లిథువేనియాలోలా గుంపుకో పేరు కాదు. ఐరోపాలో ఇలాంటి పెద్ద లెక్క కావాలంటే 1124లో పోమెరేనియా వెళ్లిన బాంబెర్గ్ బిషప్ ఓటోను చూడాలి. పీపాలు భూమిలో పాతి, చుట్టూ తెర కట్టి ఏడు వేల మందికి బాప్తిస్మం ఇచ్చాడంటారు. దానికి ఇరవై రోజులు పట్టింది. ఓటో మెత్తనివాడే గాని, ఆయన వెనకాల పోలండ్ పాలకుడి సైన్యం నీడ ఉంది.

గుండ్లకమ్మ మీద ఏ నీడా లేదని నేననను. ఆకలిలో అన్నం పెట్టిన చేతిని కడుపు మరిచిపోదు. కాలువ గట్టున తనను తిట్టకుండా పని చేయించిన మేస్త్రీయే బోధకుడైతే, ఆయన మాటకు ఒక బరువుంటుంది. క్లౌ పదిహేను నెలలు ఆగినంత మాత్రాన ఆ బరువు తగ్గిపోదు. కానీ కూలి కోసమే మునిగినవాళ్లయితే పంటలు పండాక కడిగేసుకోవడానికి గుండ్లకమ్మలో నీళ్లు లేవా? కడుక్కోలేదు. తర్వాత నాలుగైదేళ్లలో ఒంగోలు సంఘం ఇరవై వేలు దాటింది. క్లౌకు కలెక్టరు బలం ఏమీ లేదు. ఊరి మోతుబరుల నుంచి వెట్టికి రానన్నందుకు దెబ్బలు తిన్నది కూడా ఆ మునిగినవాళ్లే.

ఇంకో పరీక్ష ఉంది. దొర లేని చోట, తెలిసిన ముఖం లేని చోట, ఆ నమ్మకం ఏమైంది? దానికి జవాబు కోసం మళ్లీ పూరీ గేటుకు రావాలి.

ఒంగోలులో క్లౌ లేనప్పుడు పని చూసిన కెనడా మనిషి జాన్ మెక్‌లారిన్. ఆయన 1874లో కాకినాడ వెళ్లాడు. అక్కడ ఆయన కంటే ముందే, తంతి శాఖ ఉద్యోగం వదులుకుని ప్రచారం మొదలుపెట్టిన తెలుగువాడు థామస్ గేబ్రియేల్ ఉన్నాడు. కెనడా బాప్టిస్టులు ఆ తర్వాత బొబ్బిలి, భీమునిపట్నం, శ్రీకాకుళం దాకా విస్తరించారు. సరిగ్గా ఆ జిల్లాల నుంచే ఖరగ్‌పూర్‌కు జనం కదిలారు. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో పుట్టింది. 1900లో హౌరా లైను ఖరగ్‌పూర్‌తో కలిసింది. 1902లో కటక్ నుంచి వాల్తేరు దాకా తూర్పు కోస్తా లైను కూడా ఆ కంపెనీ చేతికొచ్చింది. ఎర్రమట్టి మిట్ట మీద పెద్ద వర్క్‌షాపు లేచింది. ఖలాసీ, ఫిట్టరు, గ్యాంగ్‌మన్, ఫైర్‌మన్, ఏ పనికైనా మనవాళ్లు రైలెక్కారు. ఆ మనుషుల తిక్క ఎంతదో కంపెనీకి 1927లో తెలిసింది. నెలల తరబడి ఖరగ్‌పూర్ సమ్మె చేసింది. ఆ కార్మికుల నాయకుల్లో బరంపురం తెలుగువాడు వి.వి.గిరి ఒకరు. తర్వాత రాష్ట్రపతి అయినాయనే.

ఈ వలసలో ఒక భాగం క్రైస్తవులు. వాళ్లను ఇక్కడికి తెచ్చింది మిషన్ కాదు, నెలజీతం. ట్రంకు పెట్టెలో బట్టల మధ్య బైబిలు పెట్టుకొచ్చుకున్నారు. ఆదివారం సెలవు దొరికితే ఎవరో ఒకరి క్వార్టరులో కూర్చుని పాడుకున్నారు. పక్కనున్న మేదినీపూర్‌లో ఫిలిప్స్ వారసుల ఫ్రీ బాప్టిస్టు మిషన్ ఉంది. అది 1911లో అమెరికన్ బాప్టిస్టు మిషన్‌లో కలిసిపోయింది. అంటే శామ్యూల్ డేను పంపిన వంశంలోనే. 1835లో ఒకే ఓడలో వచ్చి విడిపోయిన రెండు దార్లూ డెబ్బై ఆరేళ్లకు కలిశాయి. కలిసిన చోటుకు దగ్గర్లోని పెద్ద జంక్షను ఖరగ్‌పూర్. సటన్ ఇది ఊహించి ఉండడు. ఆయన తెలుగు దేశానికి మనుషులను అడిగితే, తెలుగు మనుషులే బెంగాలుకు నడిచొచ్చారు.

క్రూసేడ్ల కాలంలో ప్రభుత్వం మునగమని బలవంతపెట్టింది. మన కాలంలో ప్రభుత్వం ఇంకో రకంగా కలగజేసుకుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. ఇది రైల్వే ఊరు. ఇక్కడ రిజర్వేషను అంటే సిద్ధాంతం కాదు, కొడుకు ఉద్యోగం. సర్టిఫికెట్‌లో ఒక మతం, ఆదివారం ఇంకో మతం అయిపోయిన ఇళ్లు మన రాష్ట్రాల్లో ఎన్ని ఉన్నాయో అందరికీ తెలుసు, ఎవరూ లెక్కపెట్టరు. లీవులు పైకి క్రైస్తవులు, ఇంట్లో పాతవాళ్లు. ఇక్కడ అది తిరగబడింది. బాప్తిస్మం తీసుకున్నందుకు ముట్టేదేమైనా ఉందంటే అది నష్టమే. చొక్కా ఇవ్వరు సరికదా, ఉన్నది పోతుంది. అయినా ఎనిమిది గంటలకు జిప్పు కవరు పట్టుకుని బయలుదేరుతున్నారు. మునిగినవాళ్ల మనసు గురించి అనుమానాలుంటే ఈ సంగతి ముందు పెట్టుకుని మాట్లాడాలని నా అభిప్రాయం.

ఆ లీవులు ఏమయ్యారో చెప్పి ముగిస్తాను. గుడి మిగిలింది గాని వాళ్ల నోటి మాట మిగల్లేదు. లీవు భాషను పుట్టుకతో మాట్లాడిన చివరి మనిషి గ్రిజెల్డా క్రిస్టిన్యా 2013లో కెనడాలో చనిపోయింది. ప్రష్యన్ల భాష అంతకు మూడు వందల ఏళ్ల ముందే పోయింది. ఆ భాషలో అచ్చయిన తొలి పుస్తకం 1545 నాటి క్రైస్తవ ప్రశ్నోత్తరాల పుస్తకం. లీవులు స్నానం చేశారన్న సంగతి మనకు తెలిసింది కూడా వాళ్ల నోటి నుంచి కాదు. జర్మన్ల పక్షాన పనిచేసిన హెన్రీ అనే పాదిరి 1225 ప్రాంతంలో లాటిన్‌లో రాసిపెట్టబట్టి తెలిసింది. ఎందుకు కడుక్కున్నారో, కడుక్కుని ఏమనుకున్నారో లీవులు ఒక్క అక్షరం రాసుకోలేదు.

పేరయ్య కథ కూడా క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ అడిగి చెప్పించుకుని 1899లో ఇంగ్లీషులో పుస్తకం వేయబట్టి మిగిలింది. ఖరగ్‌పూర్ తెలుగుకు 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం అధికార భాషల్లో చోటిచ్చింది. భాష అయితే ఉంది. రాసినవాళ్లే లేరు. పూరీ గేటు, నింపురా, మథురాకాటి, మలంచ వైపు ఉన్న తెలుగు ఇళ్లవారికి ఒక మాట. మీ ట్రంకు పెట్టె అడుగున, పాటల పుస్తకం అట్టలో, తాతగారు సొంతూరు సంఘం నుంచి తెచ్చుకున్న సిఫారసు ఉత్తరం ఉండొచ్చు. పాత బాప్తిస్మపు చీటీ, వర్క్‌షాపు పాసు, క్వార్టరు ముందు దిగిన ఫొటో ఉండొచ్చు. ఎవరు ఏ ఊరి నుంచి ఏ ఏడాది వచ్చారో చెప్పగలిగిన ముసలమ్మ ఇంకా ఇంట్లోనే ఉండొచ్చు. ఈ ఆదివారం ప్రార్థన అయి ఇంటికొచ్చాక ఆవిడ పక్కన కూర్చుని, నోటుపుస్తకం తెరిచి, తేదీ వేసి, చెప్పినవన్నీ తెలుగులో రాసిపెట్టండి.